పరీక్ష ఒకటి, లైసెన్సు వేరొకటి

 

సి.పి.ఏ. పరీక్షలో నాలుగు భాగాలు. ఒక్కొక్కదానిలో 75 తెచ్చుకోవాలి. అది గట్టెక్కితే చాలుననుకుంటాము. కాని లైసెన్సు ఇచ్చేది రాష్ట్రపు బోర్డు. 1896లో న్యూయార్కు తొలి చట్టం చేసింది. నేటికీ ఏ రాష్ట్రపు నిబంధన ఆ రాష్ట్రానిదే.

దేశంనుండి వచ్చిన మన కోడళ్లు చిక్కుకొనేది ఇక్కడే. మూడేళ్ల బి.కాం.ను చాలాచోట్ల నాలుగేళ్ల డిగ్రీగా లెక్కకట్టరు. ఏళ్ల తరబడి 150 క్రెడిట్లన్నారు. ఒహాయోలో 2026 జనవరి 1 నుండి నాలుగేళ్ల డిగ్రీ, రెండేళ్ల అనుభవం ఉన్నా, పరీక్ష ప్యాసైతే సరే.

మా సాయంత్రపు తెలుగు తరగతికి వచ్చే ఒక అమ్మాయి ముందు ఎం.బి.ఏ.కు డబ్బు కట్టి, తరువాత బోర్డును అడిగింది. అకౌంటింగు క్రెడిట్లు చాలవన్నారు. పాపం, మరో ఏడాది చదివింది. మీరు ఫీజు కట్టకముందే బోర్డుకు రాసి, జవాబు కాగితంమీద తెప్పించుకోండి.