వాడుకలో లేని సందు

(మహిళా సంఘం జిల్లా సభల్లో చేసిన ప్రసంగ పాఠం)



'స్థానిక సంస్థల్లో మహిళల పాత్ర' అని నాకు విషయం ఇచ్చారు. చాలా పెద్ద విషయం. దాని గురించి నాకంటే బాగా మాట్లాడగలిగినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నేను 2014 నుంచి 2019 దాకా కోస్తాలో ఒక చిన్న మునిసిపాలిటీలో కౌన్సిలరుగా పనిచేశాను. ఆ అయిదేళ్ళలో నేను చేసిన ఒక తప్పు గురించీ, దాన్ని సగమే దిద్దుకోగలగడం గురించీ చెబుతాను. తప్పంతా మూడు సందుల చుట్టూ తిరుగుతుంది.

మన పాత ఊళ్ళు తెలిసినవాళ్ళకి ఈ సందులు తెలుసు. రెండు వరసల ఇళ్ళు, వాటి పెరళ్ళు ఎదురెదురుగా. నడుమ ఆరేడు అడుగుల దారి. మునిసిపల్ కాగితాల్లో దాన్ని కన్సర్వెన్సీ లేన్ అంటారు. ఊళ్ళో దానికి ఉన్న పేరు పాకీ సందు. ఆ పేరు ఇప్పుడు ఎవరూ పైకి అనరు, 'వెనక సందు' అంటారు. ఆ సందు ఎందుకు పుట్టిందో మనం మర్చిపోకూడదు. ఇంటి ముందు వాకిట్లోంచి రానివ్వని మనుషులు వెనక నుంచి వచ్చి, దొడ్లో మలం ఎత్తుకుని, వెనక నుంచే పోవడానికి పుట్టింది. ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ పని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. అది అమల్లోకి రావడానికి 1997 దాకా పట్టింది. చాలక 2013లో మరో చట్టం చెయ్యవలసి వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో కూడా దేశం మొత్తం మీద మనుషులు చేత్తో ఎత్తే మరుగుదొడ్లు 7 లక్షల 94 వేల చిల్లర తేలాయి. మా ఊళ్ళో మాత్రం అప్పటికి ఇళ్ళన్నిటికీ సెప్టిక్ ట్యాంకులు వచ్చేశాయి. వెనక తలుపులు మూతపడ్డాయి. కొందరు గోడ నాలుగడుగులు ముందుకు జరిపారు. కొందరు స్నానాల గది కట్టారు. ఒకాయన ఏకంగా వంటిల్లే కట్టాడు.

2016లో ఒక కౌన్సిల్ సమావేశంలో టేబుల్ అజెండాగా ఒక అంశం వచ్చింది. టేబుల్ అజెండా అంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ముందుగా ఇంటికి పంపే అజెండాలో లేకుండా, సమావేశం మొదలయ్యాక చేతికిచ్చే కాగితం. చదివేలోపు 'ఆమోదించడమైనది' అయిపోతుంది. ఆ కాగితంలో ఉన్నది ఇదీ: పట్టణంలో మూడు సందులు వాడుకలో లేవు, చెత్తకీ అసాంఘిక కార్యకలాపాలకీ నిలయాలయ్యాయి. కనుక వాటిని శాశ్వతంగా మూసి, స్థలాన్ని ఇరుగుపొరుగు ఇళ్ళవాళ్ళకి ధర కట్టి ఇచ్చేందుకు ప్రభుత్వ అనుమతి కోరవచ్చును.

మా కౌన్సిల్లో సగం మందిమి ఆడవాళ్ళమే. మన రాష్ట్రంలో అప్పటికే మహిళలకు సగం సీట్లు వచ్చాయి కదా. సగం సీట్లలో ఆడవాళ్ళు కూర్చున్నా, కొందరి వెనక భర్తలు నిలబడి ఉండేవాళ్ళు. నా వెనక ఎవరూ లేరు. సంఘం బలపరిస్తే ఇండిపెండెంటుగా గెలిచినదాన్ని. అయినా చెయ్యెత్తాను, సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానంటే, ఆ సందు మూయమని అంతకు ముందు నన్ను అడిగింది ఆడవాళ్ళే. చీకటి పడితే అక్కడ తాగుతున్నారని, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లల్ని ఏడిపిస్తున్నారని, పెరటి తలుపు తియ్యాలంటే భయంగా ఉందని చెప్పారు. వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మూసేస్తే ఆడవాళ్ళకి మేలు చేసినట్టే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి ఒక పెద్దావిడ వచ్చింది. మునిసిపాలిటీలో పారిశుధ్య కార్మికురాలిగా చేసి రిటైరైంది. సందు అవతలి కొసన, కాలవ గట్టు దాటితే వాళ్ళ కాలనీ. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "ఏమ్మా, ఆ సందు మూసేత్తారంట గదా" అంది. అవునని, తాగుబోతుల బెడద గురించి చెప్పాను. అంతా వింది. "ముందు వాకిట్లోంచి రానియ్యకపోతే ఎనకనించి వచ్చాం. బకెట్టు, రేకుముక్క, బూడిద పట్టుకుని ముప్పయ్యేళ్ళు ఆ సందులోనే తిరిగాను. ఇప్పుడు మా మనవరాళ్ళు బడికి పోతంటే ఎనకదారి కూడా లేకుండా చేత్తారా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ సందు గుండా వెళితే కాలనీ నుంచి బడికీ, రేషన్ షాపుకీ, పంపుల దగ్గరికీ అయిదు నిమిషాలు. అది లేకపోతే కాలవ గట్టున చుట్టూ తిరిగి, బస్టాండు ముందు నుంచి, అప్పట్లో అక్కడున్న బ్రాందీ షాపు మీదుగా రావాలి. నేను ఆ వార్డుకే కౌన్సిలర్ని. ఈ సంగతి నాకు తెలియదు. ఆ కాలనీకి నేను ఎప్పుడు వెళ్ళినా రోడ్డు మీదుగా ఆటోలో వెళ్ళాను.

అప్పుడు ఫైలు తెప్పించుకుని చూశాను. 'వాడుకలో లేవు' అని ఎలా తేల్చారు? రెండు రోజులు, పదకొండు గంటల నుంచి ఒంటిగంట దాకా ఒక మనిషి సందు మొదట్లో నిలబడి వచ్చే పోయే బండ్లు రాసుకున్నాడు. బండ్లు పెద్దగా లేవు. ఆ సందులోకి కారు పట్టదు, ఎలా ఉంటాయి? పైగా ఆ వేళకి బిందెలు మోసేవాళ్ళు మోసేసి ఉంటారు, పిల్లలు బళ్ళో ఉంటారు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు రెండో పూట పనికి ఇంకా బయల్దేరి ఉండరు.

ఇది మా ఊరి గుమాస్తా ఒక్కడి లోపం కాదు. పెద్ద లెక్కల్లోనూ ఇదే వరస. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎంత దూరం వెళుతున్నారు, దేనిమీద వెళుతున్నారు అని అడిగారు. అయితే ఆ ప్రశ్న సేద్యం చేసేవాళ్ళకీ, కూలికి పోయే వ్యవసాయ కార్మికులకీ, ఇంటి పట్టున బీడీలు చుట్టేలాంటి పనులు చేసేవాళ్ళకీ లేదు. నీళ్ళకీ, రేషన్‌కీ, పిల్లల బడికీ నడిచే నడక పని కిందే రాదు, ఇక దూరం ఎవరడుగుతారు? 2019లో ప్రభుత్వమే చేసిన కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ 299 నిమిషాల్లో ఎంతో కొంత ఇలాంటి సందుల్లోనే గడుస్తుంది.

సంఘం వాళ్ళం ఒక రోజు తెల్లవారుజామున నాలుగింటి నుంచి రాత్రి పది దాకా వంతులేసుకుని కూర్చున్నాం. మనిషికో గీత. చీకటితో బయల్దేరే పారిశుధ్య కార్మికులు, పాలకేంద్రానికి పోయేవాళ్ళు, ఇడ్లీ అమ్మే ఆవిడ, పనిమనుషులు, బడిపిల్లలు, కాలనీలో సామూహిక మరుగుదొడ్డి పాడై బయటికి పోతున్న ఆడవాళ్ళు. నోటుబుక్కులో పేజీలు నిండిపోయాయి. మగవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. సాయంత్రం ఏడు తర్వాత ఎక్కువగా వాళ్ళే. ఆడవాళ్ళు ఫిర్యాదు చేసింది కూడా ఆ వేళ గురించే.

ఇక్కడ నాకు కష్టమైన మాట ఒకటి చెప్పాలి. ఆడవాళ్ళంతా ఒకటే అని మనం ఊరేగింపుల్లో నినాదాలిస్తాం. సందుకి ఇటు పక్కనున్న ఆడవాళ్ళూ అటు పక్కనున్న ఆడవాళ్ళూ ఒకటి కాదు. వాళ్ళ మధ్య ఒక గోడ ఉంది, దాని పేరు కులం. ఇటు పక్కవాళ్ళు 'అల్లరిమూక' అన్నప్పుడు అటు పక్కవాళ్ళ మగపిల్లల్ని కూడా కలిపే అన్నారు. అది నాకు వినపడింది, వినపడనట్టు ఊరుకున్నాను.

ఇరువైపులవాళ్ళనీ ఒక ఆదివారం బళ్ళో కూర్చోబెట్టాం. మొదటి గంటంతా తిట్లే. తాగుతున్నది ఎవరో అటువాళ్ళు పేర్లతో సహా చెప్పారు. అందులో ఇటువాళ్ళ మరుదులూ కొడుకులూ కూడా ఉన్నారు. అప్పుడు హాలు కాస్త నెమ్మదించింది.

ఆ తర్వాత ఇటు వరసలోని ఒక కోడలు లేచింది. ఆమె మూయమని సంతకం పెట్టిన మనిషే. తల వంచుకుని చెప్పింది. తన భర్త కొట్టినప్పుడు ముందు వాకిలి గుండా పోవడానికి లేదట. అరుగు మీద మామగారు కూర్చుని ఉంటారు, వీధంతా చూస్తుంది. రెండుసార్లు పెరటి తలుపు తీసుకుని ఆ సందులోంచే పుట్టింటికి పోయి ప్రాణం దక్కించుకుందట. "సంతకం పెట్టమంటే పెట్టానండీ. పెట్టింది మా ఆయన ఎదురుగానే" అంది. గృహహింస చట్టం 2005లో వచ్చింది. రక్షణాధికారి దగ్గరికి వెళ్ళాలన్నా, పోలీసు స్టేషనుకి వెళ్ళాలన్నా, ముందు ఇంట్లోంచి బయటపడాలి కదా.

సందు మూసినంత మాత్రాన తాగేవాళ్ళు మానరని, ఇంకో మూలకి పోతారని అప్పుడు ఇటువాళ్ళే అన్నారు. సందులో స్తంభం ఉంది, దీపం లేదు. దీపం పెట్టమనీ, మరుగుదొడ్డి బాగుచెయ్యమనీ, ఇడ్లీ ఆవిడని సందు మొదట్లోంచి లేపొద్దనీ రాసి ఇరువైపులవాళ్ళూ సంతకాలు పెట్టారు. చివరిది నేను రాయించింది కాదు. ఆవిడ అక్కడ కూర్చున్నంతసేపూ ఆడపిల్లల్ని ఎవరూ ఏమీ అనరని వాళ్ళే చెప్పారు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. వీధులు పురపాలక సంఘానికి దఖలుపడి ఉంటాయని మునిసిపల్ చట్టం చెబుతుంది. మా కౌన్సిల్లో పెద్దలు దాన్ని 'మనదే, మనిష్టం' అని అర్థం చేసుకున్నారు. 1965 నాటి లా రిపోర్టుల్లో అప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మంగ్లౌర్ అనే ఊరి కేసు ఒకటుంది. అక్కడ మునిసిపాలిటీ రోడ్డు పక్క ఖాళీ స్థలంలో గాంధీగారి విగ్రహం, చలివేంద్రం పెట్టబోయింది. మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు సుప్రీంకోర్టులో ఆ తీర్పు రాశారు. దఖలుపడ్డం అంటే వీధిని వీధిగా కాపాడడానికే గాని, దానితో సంబంధం లేని కట్టడాలు పెట్టుకోవడానికి కాదని సారాంశం. గాంధీగారి విగ్రహానికే చోటు లేనప్పుడు వంటింటికి ఎక్కడుంటుందని నేను కౌన్సిల్లో అడిగాను. నవ్వారు. అయితే మనం అతిగా చెప్పుకోకూడదు. వీధిని మూయనే కూడదని చట్టం అనదు. పద్ధతి ప్రకారం మూయవచ్చు. ఆ పద్ధతిలో అభ్యంతరాలు వినేది ఎవరు, ఎప్పుడు అన్నదే గొడవ. నోటీసు ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు. నీళ్ళ బిందెతో ఉన్న మనిషి ఆఫీసు బోర్డు దగ్గరికి ఎందుకు వెళుతుంది? పల్లెటూళ్ళో స్త్రీకి గ్రామసభ అనే మాట రాజ్యాంగంలోనే ఉంది. పట్నం విషయానికొస్తే వార్డు కమిటీ తప్పనిసరి అన్నది 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్నచోటనే. తర్వాత రాష్ట్ర చట్టంలో ఏం రాసినా మా ఊళ్ళో నేనున్న అయిదేళ్ళూ అవి కాగితం దాటి బయటికి రాలేదు.

దీపాలకి డబ్బు లేదన్నారు. రత్లాం మునిసిపాలిటీ కూడా 1980లో అదే అంది. కాలవలు, మరుగుదొడ్లు కట్టడానికి నిధుల్లేవంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పు కాపీ తీసి కమిషనర్ బల్ల మీద పెట్టాం.

రెండు నెలల తర్వాత అంశం మళ్ళీ కౌన్సిల్‌కి వచ్చింది. నేను ముందు పెట్టిన సంతకం తప్పని చెప్పి వెనక్కి తీసుకున్నాను. నాతో పాటు మరికొందరు ఆడ కౌన్సిలర్లు నిలబడ్డారు. అందులో ఇద్దరి భర్తలు వరండాలోంచి సైగలు చేస్తూనే ఉన్నారు, వాళ్ళు అటు చూడలేదు. రెండు సందులు తెరిచే ఉంచాలని తీర్మానమైంది. మూడోది దక్కలేదు. వంటిల్లు ఉన్న సందు అదే. అది ఇప్పటికే మూసుకుపోయింది కదా, ఇంకా ఏం మూస్తాం అన్నారు. ఆక్రమించుకున్నవాడికి ఆక్రమణే సాక్ష్యమైంది. ఆ సందు నా వార్డు కాదు, అక్కడ వంతులేసుకుని కూర్చోవడానికి మాకు మనుషులూ చాల్లేదు. చాలారోజులు అలా సర్దిచెప్పుకున్నాను. నిజానికి మా సందు దక్కుతుంటే దాని గురించి గట్టిగా పట్టుబట్టలేదు.

కిందటి నెల ఆ ఊరు వెళ్ళాను. తెరిచి ఉన్న రెండిట్లో ఒకదాంట్లో దీపం వెలుగుతోంది, రెండోదాంట్లో బల్బు పోయి మూడు నెలలైందట. ఇడ్లీ ఆవిడ కూతురు కూర్చుంటోంది. మూడో సందుకి ఇనప గేటు పెట్టారు. దాని అవతల ఉండే ఆడవాళ్ళు గేటు పక్కన, మురిక్కాలవ మీద వేసిన రాతిబండ మీంచి బిందెలు దాటిస్తున్నారు. ఒకమ్మాయి ఇటు నిలబడి అందుకుంటోంది. గేటు తాళం ఎవరి దగ్గరుందని అడిగాను. వంటిల్లు వాళ్ళ దగ్గరేనట. అడిగితే ఇస్తారా అంటే, "అడగాలి కదండీ" అంది.

ఆ ఫైలు కాపీ కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి వచ్చాను. ఇద్దరు సంతకం పెట్టారు. జవాబు ఇంకా రాలేదు.