టీకాలూ, పొరుగింటి తల్లులూ
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కేసముద్రం ప్రాంతపు పల్లెల్లో వెనుకటి పెద్దలు మశూచికాన్ని పేరుపెట్టి పిలిచేవారు కారు. "అమ్మవారు పోసింది" అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టి, పోచమ్మకు సాక పోసి మొక్కుకునేవారు. టీకాలవాళ్లు ఊళ్లోకొస్తే పిల్లల్ని దాచేసిన ఇళ్లూ ఉండేవి. ఇవాళ ఆ భయాన్ని చూసి నవ్వడం తేలికే. కాని, ముక్కూ మొహం తెలియని మనిషి చంటిబిడ్డకు సూది గుచ్చుతానంటే ఏ తల్లి గుండె ఝల్లుమనదు చెప్పండి?

మన పొరుగు దేశాల తల్లులకూ ఇదే భయం. అది ఎక్కడ తీరింది, ఎక్కడ ముదిరింది అన్నది మనం తెలుసుకోదగ్గ సంగతి.

బంగ్లాదేశ్‌నే తీసుకోండి. ప్రాణాంతకమైన పెద్ద మశూచికం ప్రపంచంలో చివరిసారిగా, 1975లో, అక్కడి భోలా దీవిలో ఒక చిన్నపాపకు సోకింది. పాప బతికింది. 1980లో ఆ వ్యాధి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. తరువాత మిగతా టీకాల పని వచ్చింది. గడపదాటి రాని ఇల్లాళ్ల దగ్గరికి ఆడ కార్యకర్తలే నడిచి వెళ్లారు. ఎవరో ఒకరి వాకిట్లోనే టీకాలు వేశారు. వచ్చిన మనిషి తెలిసిన మనిషి కావడంతో భయం తగ్గింది. ఇప్పుడక్కడ నూటికి ఎనభైమందికి పైగా పిల్లలకు టీకాలు అందుతున్నాయి.

పాకిస్తాన్‌లో కథ అడ్డం తిరిగింది. 2011లో బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ అబోటాబాద్‌లో హెపటైటిస్ టీకాల పేరిట ఒక నాటకం ఆడించింది. అది బయటపడ్డాక, పోలియో చుక్కలతో పిల్లలు పుట్టరన్న పాత పుకారుకు బలం వచ్చింది. 2012 డిసెంబరులో చుక్కలు వేయబోయిన ఆడవాళ్లను కాల్చి చంపారు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో పోలియో నేటికీ పోలేదు. పెద్దల ఎత్తుగడకు పసివాళ్ల కాళ్లు బలయ్యాయి.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014లో పోలియో లేని దేశమన్న గుర్తింపు దొరికింది. అలాగని ఏమరుపాటు పనికిరాదు. 2016లో హైదరాబాదు మురుగునీటిలో పోలియో క్రిమి కనబడితే, మళ్లీ అక్కడి పిల్లలకు ప్రత్యేకంగా సూదులు వేయవలసి వచ్చింది.

అందుచేత అమ్మలారా, టీకా వేసే ఏఎన్‌ఎం అమ్మను మొహమాటపడకుండా అడగండి: ఇది దేనికి, జ్వరం వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు తీసుకురావాలి? టీకాల కార్డు భద్రంగా దాచండి. మీ ఇంట పనిచేసే అమ్మాయి బిడ్డకు కార్డు ఉందో లేదో కనుక్కోండి. టీకా రోజున ఆమెకు ఒక పూట సెలవివ్వండి. పక్కింటావిడ భయపడుతుంటే వెక్కిరించక, వెంట వెళ్లండి. తెలిసిన మనిషి తోడుంటే ఆమెకు సగం భయం అక్కడే పోతుంది.