కర్నూలు నుంచి కడపకు

బ్యాంకు ఆడిటుకో, టీచర్ల శిక్షణకో కర్నూలు నుంచి కడపకు బయల్దేరే అక్కచెల్లెళ్లకు నాలుగు మాటలు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా దాదాపు 200 కిలోమీటర్ల దారి. ఎండాకాలమైతే తెల్లవారుజామునే బస్సెక్కండి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఛార్జీ లేదు. సూపర్ లగ్జరీకి మాత్రం డబ్బు కట్టాల్సిందే. ఉచితమే కదా అని ఊరకే కూర్చోకండి, ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకోండి.

ల్యాప్‌టాప్ పై అరలో వద్దు, ఒళ్లోనే ఉండనీండి. నీళ్లు దండిగా పెట్టుకోండి. దారిలో బాత్రూము దొరకదేమోనని గొంతు కూడా తడుపుకోని వాళ్లు మనలో చాలామంది. నన్నడిగితే ఈ ఎండల్లో అంతకన్నా చెడ్డ అలవాటు లేదు. బాత్రూముకు నంద్యాల బస్టాండులో కండక్టరుకు చెప్పి దిగండి. చీకటి పడ్డాక చేరేటట్లయితే బస్సు నంబరు ముందే ఇంటికి పంపండి. ఆపదలో 112, మహిళా హెల్ప్‌లైన్ 181.