గ్రేటర్ నోయిడా పందెము - మన ఛాయాచిత్రములు
(సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మోటారు పందెమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. నేను చదివినది సాహిత్యము, చేయునది దస్త్రముల పని. యంత్రములతో నాకు గల పరిచయము ఇంటివద్ద మిక్సీ చెడినప్పుడు మిస్త్రీని పిలుచుటతో సరి. అయినను గత మాసమున ఒక ఆదివారమునాడు మన సభ్యులము కొందరము కూడి, 2011 నాటి పందెపు ఛాయాచిత్రములను, జ్ఞాపకములను పంచుకొంటిమి. ఆనాడు నాకు తోచిన నాలుగు మాటలు మీకు మనవి చేయుదును.

మొదట విషయము చెప్పవలెను. ఫార్ములా వన్ అను ప్రపంచ స్థాయి కార్ల పందెము భారతదేశమున మొట్టమొదట జరిగినది 2011 అక్టోబరు 30వ తేదీ ఆదివారమున. స్థలము ఢిల్లీకి సమీపమున గల గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. దాని రూపశిల్పి జర్మనీ దేశీయుడైన హెర్మన్ టిల్కే. చుట్టు ఒక్కటికి 5 కిలోమీటర్లకు పైబడిన దారి, 16 మలుపులు, 60 చుట్లు, మొత్తము 307 కిలోమీటర్లు. ఇరువది నాలుగు కార్లు బయలుదేరినవి. సెబాస్టియన్ వెటెల్ మొదటినుండి తుదివరకు ముందుండి గెలిచెను. జెన్సన్ బటన్ రెండవవాడు, ఫెర్నాండో అలోన్సో మూడవవాడు. మన దేశపు చోదకుడు నారాయణ్ కార్తికేయన్ 17వ స్థానమున ముగించెను. గెలుపు జెండా ఊపినది సచిన్ తెండూల్కర్. గంటన్నరలో అంతయు ముగిసినది.

ఇక మన ఛాయాచిత్రముల సంగతి. ఆ ఆదివారము బల్లమీద పరచిన చిత్రములు నలుబదికి పైగా ఉండెను. వానిలో కారు స్పష్టముగా కనబడునవి నాలుగో ఐదో. తక్కినవానిలో ఖాళీ దారియు, ఇనుప కంచెయు, ముందు వరుసవారి తలలును ఉన్నవి. ఒకదానిలో కుడి అంచున ఎఱ్ఱని గీత వంటిది కలదు. అది ఫెరారీ అని ఒకరును, ప్రకటన పలక అని మఱియొకరును వాదించిరి. గంటకు 300 కిలోమీటర్ల వేగమన్న క్షణమునకు 83 మీటర్లు. వచ్చినది చూచి, వ్రేలు నొక్కులోపల అర క్షణము గడచినను కారు 40 మీటర్లు దాటిపోయి యుండును.

నలోపాఖ్యానమున బాహుకుడు రథము తోలుచుండగా ఋతుపర్ణ మహారాజు ఉత్తరీయము జారి పడినది. దానిని తెప్పింతమని రాజనగా, అది అప్పుడే యోజనము వెనుకబడినదని బాహుకుడు బదులు చెప్పెను. మన చిత్రములను చూచుచుండ నాకా కథయే జ్ఞప్తికి వచ్చినది. మనమందరము ఉత్తరీయము పడిన పిమ్మట చేయి చాచినవారమే.

అయితే కారు చిక్కని ఆ చిత్రములే మా చేత ఎక్కువసేపు మాటలాడించినవి. ఒక సోదరి తెచ్చిన చిత్రములో ఆమె ఆఱేండ్ల కుమారుడు రెండు చెవులలో దూది పెట్టుకొని, ఆపైన అరచేతులు మూసికొని, కన్నులు మాత్రము విప్పార్చి యున్నాడు. నేడు ఆ బాలుడు ఇంజనీరింగు పూర్తిచేసిన యువకుడు. ఆనాటి కార్ల ఇంజన్లు ఎనిమిది సిలిండర్లవి, నిమిషమునకు 18,000 చుట్లు తిరుగునవి. ఆ ధ్వని చెవిలోకంటె రొమ్ములో వినబడెడిది. 2014 నుండి ఆ ఇంజన్లు పోయి, ధ్వని తక్కువగల మఱొక రకము వచ్చినది. కనుక ఆ పిల్లవాడు మూసికొన్న చెవులే ఆ చప్పుడునకు మా వద్ద మిగిలిన సాక్ష్యము.

ఒక మిత్రుడు పందెమునకు ముందు పాటించిన ఒక నిమిష మౌనమును జ్ఞాపకము చేసెను. ఆ మాసముననే డాన్ వెల్డన్ అమెరికాలోను, మార్కో సిమోన్‌చెల్లి మలేషియాలోను పందెములలో మరణించిరి. అంతటి జనసమూహము ఒక్కసారిగా మౌనము వహించినప్పుడు తనకు ఒళ్లు గగుర్పొడిచినదని ఆయన చెప్పిరి. మఱొకరు శుక్రవారమునాటి అభ్యాసమునకు పోయినవారు. కోట్ల రూపాయల కార్లు ఆగి నిలువగా ఒక వీధికుక్క దారిమీద విహరించిన ఘట్టమును వారు చెప్పగా సభ యంతయు నవ్వినది. ఇంకొకరు బస్సు కిటికీనుండి తీసిన చిత్రమున గేదెలను తోలుకొని పోవు ముదుసలి ఒకడు నిలిచి, దూరముననున్న ప్రేక్షకుల మేడలను చూచుచున్నాడు. ఆ పందెపు దారి అంతకుముందు పొలము. పరిహారము చాలలేదని చుట్టుపట్ల గ్రామముల రైతులు ఆందోళన చేసిన సంగతి ఆనాటి పత్రికలు చదివినవారికి తెలియును. ఆ ముదుసలి ఏమనుకొనెనో మనకు తెలియదు. కాని ఆ చిత్రము బల్లమీద ఉన్నంతసేపు మా ఉత్సాహము కొంచెము అదుపులో నుండెను. ఉండుట మంచిదే.

ఇక నా సొంత మాట. ఆ సంవత్సరము దీపావళి అక్టోబరు 26వ తేదీ వచ్చినది. పండుగకని మా నాన్నగారు బందరునుండి ఢిల్లీ వచ్చి యుండిరి. ఆయన బెజవాడ - బందరు దారిలో ముప్పదియొక్క సంవత్సరములు ఆర్టీసీ బస్సు నడిపినవారు. అన్నిటికంటె చౌకయైన టికెట్టు 2,500 రూపాయలు. ఆ వెల ఆయనకు చెప్పక, కార్యాలయములో ఉచితముగా ఇచ్చిరని బొంకి తీసికొనిపోతిని. అందరును కార్లవంక చూచుచుండగా ఆయన మలుపునకు ముందున్న దారివంక చూచుచు కూర్చుండిరి. నేను కారణ మడిగితిని.

"ఒరే, కార్లను చూడకు, ఆ నల్ల చారలు చూడు. బండి పరిగెత్తించటం ఇంజను పని. ఎక్కడ బ్రేకు తొక్కాలో తెలియటం డ్రైవరు పని" అనిరి.

ఆయన చెప్పిన పిమ్మట నేను చూడ నేర్చితిని. పొడవైన దారి చివర 300 వేగమున వచ్చు కారు వంద మీటర్లకు కొంచెము అటో ఇటో మూడవ వంతు వేగమునకు దిగి మలుపు తిరుగవలెను. ముందుగా తొక్కినవాడు వెనుకబడును, ఆలస్యముగా తొక్కినవాడు దారి తప్పును. ఎవ్వడు ఎంతవరకు ఓర్చునో అదియే పందెము.

ఆనాడు నేను తీసిన చిత్రములన్నియు ఫోను మార్చునప్పుడు పోయినవి. తప్పు నాదే. వేఱొకచోట నకలు దాచలేదు. నాన్నగారు 2018లో కాలము చేసిరి. గత మాసపు సమావేశమున ఒక మిత్రుని చిత్రములు తిరగవేయుచుండగా ఒకదానిలో ఖాళీ దారి కనబడినది, దానిపై నల్ల చారలు, చిత్రపు మూలనుండి వానివైపు చాచిన ఒక చేయి. ముఖము లేదు. చేతిగడియారము లోపలివైపు త్రిప్పి కట్టుకొనుట మా నాన్నగారి అలవాటు. ఆ మిత్రుడు ఈ పదునాలుగేండ్లకు పైగా దానిని చెడిపోయిన చిత్రమని తలంచి, తీసివేయుటకు బద్ధకించి అట్లే ఉంచినారట. వారి బద్ధకమునకు నేను ఋణపడి యున్నాను.

ఆ పందెము మన వద్ద మూడేండ్లే సాగినది. 2012లోను, 2013లోను వెటెలే గెలిచెను. 2013 అక్టోబరు 27న నాలుగవసారి ప్రపంచ విజేతయై, జనుల యెదుట కారును గిరగిర త్రిప్పి, దిగి దానికి మ్రొక్కెను. నిబంధనలు మీఱినందుకు 25,000 యూరోల జరిమానా పడినది. ఆనాటి చిత్రములలో మనవారికి చిక్కినది పొగ మాత్రమే. పిమ్మట పందెము రాలేదు. ఇది క్రీడయా, వినోదమా యను ప్రశ్నయు, పన్నుల తగవులును ఉండనే ఉన్నవి. 2017 ఏప్రిలులో సుప్రీంకోర్టు, ఆ సర్క్యూట్ ఫార్ములా వన్ సంస్థకు ఆదాయపు పన్ను నిమిత్తము భారతదేశమున శాశ్వత వ్యాపారస్థానమే యని తీర్పు చెప్పినది. ఏడాదికి మూడునాళ్లు నడిచి, మూడేండ్లకు నిలిచిన పందెమునకు "శాశ్వత" శబ్దము దస్త్రములలో దక్కినదన్నమాట!

మన హైదరాబాదుకును ఇట్టి యోగము ఒకసారి పట్టినది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయపు ప్రక్కగా, విద్యుత్తు కార్ల పందెము ఫార్ములా ఇ జరిగినది. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. దానికి పోయివచ్చిన సభ్యు లొకరు, కార్లకంటె ప్రక్కవారి మాటలే బాగుగా వినబడెననిరి. మరుసటి ఏడు జరుగవలసినది రద్దయినది. ఆ చిత్రములును మనవారి వద్ద ఎన్నో ఉండవలెను.

సోదర సోదరీమణులారా! ఎవరు గెలిచిరో, ఎంత సమయము పట్టెనో గ్రంథములలో ఉండును, దానికి మన అవసరము లేదు. చెవులు మూసికొన్న బాలుడును, గేదెల ముదుసలియు, నల్ల చారలు చూపిన చేయియు ఏ గ్రంథమునను ఉండవు. అవి మన ఫోనులలోను, బీరువా అరలలోను ఉన్నవి. అందుచేత నాది ఒక్కటే మనవి. చెడిపోయినవని తోచిన చిత్రములను కూడ పారవేయకుడు. తేదీ, స్థలము, అందులోనివారి పేరు వ్రాసి, ఒక ప్రతి మన సంఘ గ్రంథాలయమునకు ఇండు. వాని జాబితా తయారుచేయు పని నేను పైని వేసికొందును. జాబితాలు వ్రాయుట యొక్కటే నాకు చక్కగా వచ్చిన విద్య.