ల్యాప్‌టాప్‌లో డీవీడీ ఇరుక్కుపోయిందా? ఒక్క జెమ్ క్లిప్ చాలు!

బాపట్ల నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశాను. ఇవాళ్టి టాపిక్ చూసి "ఇంకా డీవీడీలేంట్రా బాబూ" అనుకోకండి.

మొన్న మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, అక్క పెళ్ళి డీవీడీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. బటన్ నొక్కినా రావట్లేదు" అంది. బాబాయ్ పోయి రెండేళ్ళయింది. ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్క డీవీడీలోనే. రిపేర్ షాపులో అడిగితే డ్రైవ్ పగలగొట్టాలన్నారట. బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి, ఈ మాత్రం చేయలేనా అని వెళ్ళాను.

ముందుగా ఒక మాట. చాకు, స్క్రూడ్రైవర్ పెట్టి ట్రే లాగొద్దు.

ఒకటి: వీడియో ప్లేయర్లన్నీ మూసేయండి. విండోస్‌లో డీవీడీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టండి. ఏదో ఒక ప్రోగ్రామ్ డిస్క్‌ని పట్టుకుని ఉంటే బటన్ పనిచేయదు.

రెండు: రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో కనిపించగానే, విండోస్ లోడ్ అవకముందే బటన్ నొక్కండి.

మూడు: పూర్తిగా షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. ట్రే ముందు భాగంలో చిన్న చిల్లు ఉంటుంది. జెమ్ క్లిప్ సాపు చేసి అందులో తిన్నగా, మెల్లగా నొక్కండి. లోపల గొళ్ళెం వదులుతుంది, ట్రే కొంచెం బయటికొస్తుంది. మిగతాది వేలితో లాగండి. ట్రేలో ఉన్న లెన్స్‌ని మాత్రం ముట్టుకోకండి.

పాత మ్యాక్‌బుక్‌లో ట్రే ఉండదు, సన్నని సందు మాత్రమే. దానికి ఆన్ చేసేటప్పుడే ట్రాక్‌ప్యాడ్ బటన్ నొక్కి పట్టుకోవాలి.

పిన్ని ల్యాప్‌టాప్‌కి మూడోదే పనిచేసింది. కానీ ట్రే సగంలో ఆగింది. చూస్తే ఫోటోగ్రాఫర్ అంటించిన కాగితం స్టిక్కర్ అంచు లేచి పైన తగులుతోంది. సన్నని ప్లాస్టిక్ స్కేల్‌తో ఆ అంచుని అణచిపెడితే వచ్చేసింది.

ఆ స్టిక్కర్‌ని పీకెయ్యాలనిపిస్తుంది. వద్దు! సీడీలో అయితే డేటా పొర సరిగ్గా లేబుల్ కిందే ఉంటుంది, దానితో పాటే ఊడొస్తుంది. డీవీడీలో రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఉంటుంది, అయినా గట్టిగా లాగితే డిస్క్ వంగుతుంది. లేచిన ముక్క వరకే కత్తెరతో కత్తిరించాను.

తర్వాత వేరే యూఎస్‌బీ డ్రైవ్‌లో పెట్టి, లోపలున్న వీడియో ఫోల్డర్ మొత్తం కాపీ చేశాను. హార్డ్‌డిస్క్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి.

సరిగ్గా వచ్చిందా లేదా అని ప్లే చేస్తే బాబాయ్ వడ్డనలో నిలబడి, "ముందు పిల్లలకి పెట్టండ్రా" అంటున్నారు. పిన్ని ఏమీ మాట్లాడలేదు. మళ్ళీ వెనక్కి జరిపి పెట్టమంది. నాలుగుసార్లు.

డిస్క్ బయటికి తీయడం సగం పనేనండి. మీ బీరువాలో కూడా ఇలాంటివి ఉండే ఉంటాయి. ఈ ఆదివారం కూర్చుని కాపీ చేసేయండి. డ్రైవ్ మొరాయించేదాకా ఆగకండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.