బస్తా కాడ లేని బేరం కూలి కాడ ఎందుకు?

(బషీరాబాద్‌లో భవన నిర్మాణ కార్మికులు, విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మేం పత్రికల్లో రాసేటోళ్లం. ఉద్యమంలో మీతో కలిసి రోడ్డెక్కినోళ్లం. ఇయ్యాల ఉపన్యాసం దంచడానికి రాలేదు. మీతో కూసొని ఒక లెక్క చెయ్యడానికి వచ్చినం.

వచ్చే తొవ్వల ఒక బేస్‌మెంట్ కాడ ఆగినం. ఇల్లు కట్టుకునే రైతుకూ, కట్టే మేస్త్రీకీ మాటా మాటా పెరిగింది. రోజు కూలి యాభై పెంచమని మేస్త్రీ. ఇట్లయితే ఇల్లు లేసినట్టే అని రైతు. అదే రైతు పొద్దున తాండూరుల సిమెంటుకు, సీకులకు చెప్పినంత ఇచ్చి వచ్చిండు. దుకాణం కాడ బేరం లేదు. బేరమంతా మేస్త్రీ కాడనే. ఇద్దరూ మనోళ్లే, ఇద్దరూ అప్పుల ఉన్నోళ్లే. మరి ఈ ఇద్దరికీ పంచాయితీ పెట్టినోడు ఎవడు?

లెక్క చూద్దాం. నాలుగు వందల అడుగుల ఇల్లు, పిల్లర్లు, స్లాబు. అడుగుకు 0.4 బస్తా సిమెంటు, నాలుగు కిలోల ఇనుము అని ఇంజనీర్ల మోటు లెక్క. అంటే 160 బస్తాలు, 16 క్వింటాళ్ల ఇనుము. బస్తా మీద 50 రూపాయలు పెరిగితే 8 వేలు. ఇనుము కిలోకు 10 పెరిగితే 16 వేలు. మొత్తం 24 వేలు.

ఇగ కూలి. ఇద్దరు మేస్త్రీలు, నలుగురు కూలీలు 40 రోజులు చేసిన్రనుకుందాం. 240 పనిదినాలు. మనిషికి 50 చొప్పున పెంచితే 12 వేలు. రైతుకు ఇది కూడా బరువే, కాదనం. కానీ 24 వేలు నోరు మెదపకుండ కట్టి, 12 వేల కాడ గల్ల పట్టుకుంటున్నం. పైగా ఆ 12 వేలు ఆరు ఇండ్లల్ల పొయ్యి వెలిగించి మన ఊరి కిరాణంలనే ఖర్చయితయి. ఆ 24 వేలు ఊరు దాటి పోతయి.

అసలు ఈ సిమెంటు ఎక్కడిది? మన కాళ్ల కిందిదే. ఇవతల తాండూరు, అవతల కర్ణాటకల సేడం దాకా సున్నపురాయి పొర పరుచుకొని ఉన్నది. 1956 దాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలనే ఉండె. సరిహద్దు గీసిన్రు గాని రాయి ఒకటే. ఆ రాయిని నమ్ముకొనే కరన్‌కోట్‌ల కేంద్ర ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ వచ్చింది. మల్కాపూర్‌ల ఇండియా సిమెంట్స్, తాండూరు కాడ పెన్నా వచ్చినయి.

టన్ను క్లింకర్‌కు సుమారు టన్నున్నర సున్నపురాయి పడతది. అంటే యాభై కిలోల బస్తాకు ఎక్కువల ఎక్కువ 75 కిలోలు. సున్నపురాయి రాయల్టీని కేంద్రం 2014 సెప్టెంబర్‌లో టన్నుకు 80 రూపాయలు చేసింది. అంటే బస్తాకు 6 రూపాయలు! గని ఉన్న ప్రాంతం బాగుకోసమని పెట్టిన జిల్లా ఖనిజ నిధికి, 2015 జనవరి 12కు ముందటి లీజులైతే రాయల్టీల 30 శాతం. అంటే బస్తాకు ఇంకో రూపాయి ఎనభై పైసలు. భూమి మనది, దుమ్ము మనది, లారీల కింద నలిగే రోడ్డు మనది. మన వంతు ఎనిమిది రూపాయలు కూడా లేదు. అదే బస్తా దుకాణంలకు వచ్చి మనకే 350 అంటే, ఎందుకని అడిగే దిక్కు లేదు.

పెట్టుబడి పెరిగింది, బొగ్గు పెరిగింది అని కంపెనీలంటయి. కొంత నిజమే. కానీ 2016ల డబుల్ బెడ్రూం ఇండ్ల కోసం సర్కారుకు బస్తా 230కి ఇస్తమని అవే కంపెనీలు ఒప్పుకున్నయి. సర్కారుకు ఇయ్యగలిగిన ధర బషీరాబాద్ రైతుకు ఎందుకు ఇయ్యరు? సర్కారు అడిగింది కాబట్టి ఇచ్చిన్రు. మనం అడగలేదు.

ఇది మా ఒక్కరి అనుమానం కాదు. 2012 జూన్‌ల కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంటు కంపెనీలు కూడబలుక్కొని ధరలు పెంచినయని తేల్చి 6 వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. 2016ల మళ్లీ విచారించి మళ్లీ వేసింది. కంపెనీలు అప్పీళ్లకు పోయినయి. ఈలోపు 2024 ఆగస్టుల పెన్నా అదానీ గ్రూపు అంబుజా చేతికి, డిసెంబర్‌ల ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి పోయినయి. దేశంల రెండు పెద్ద సిమెంటు గ్రూపులు మన తాండూరు రాయి మీదనే కూసున్నయి. అమ్మేటోళ్లు తగ్గినకొద్దీ కొనేటోనికి బేరం తగ్గుతది.

ఇంకోటి చూడండి. 2017 జూలై నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం ఉండె. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం చేసిన్రు. ఆ లెక్కన 350 ఉన్న బస్తా 323కు దిగాలె. కామర్స్ చదివే తమ్ముళ్లకు ఇది పని. ఊళ్లె ఇల్లు కట్టేటోళ్ల బిల్లులు తెచ్చి, ఆ తారీఖుకు ముందటివి, తర్వాతవి పక్కపక్కన పెట్టి చూడండి. దిగిందా, దిగి మళ్లా ఎక్కిందా, అసలు దిగనే లేదా?

ఇప్పుడు మనిషి ధర. 2025-26ల మన రాష్ట్రంల ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. పొద్దంతా మట్టి మోసినా 323 రూపాయల బస్తా ఒక్కటి రాదు! అడ్డా మీద అంతకంటె ఎక్కువే దొరుకుతది, నిజమే. కానీ వానొస్తే పని లేదు, ఇసుక ఆగితే పని లేదు. నెలకు ఎన్ని రోజులు దొరికిందో అడగకుండ దినకూలి మాట్లాడితే అది సగం లెక్క. ఇగ అక్కల సంగతి. సమాన పనికి సమాన వేతనమని 1976లనే చట్టం వచ్చింది. అదే తట్ట, అదే నిచ్చెన, అదే ఎండ. కూలి మాత్రం తక్కువ. ఈ తప్పు కంపెనీది కాదు, మనది. మేస్త్రీలు కూడా దీనికి జవాబు చెప్పాలె.

భవన కార్మికులకు 1996ల చట్టం వచ్చింది. కట్టడం ఖర్చుల ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి పెట్టాలె. ఏమైంది? దేశమంతా 37,400 కోట్లకు పైగా వసూలైతే, కార్మికులకు ఖర్చయింది 9,500 కోట్లేనని 2018 మార్చి తీర్పుల సుప్రీంకోర్టు మండిపడ్డది. మెతుకు పడని పళ్లెం లెక్క!

ఆ చట్టంల సొంతానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపైతే పరిధిల లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌ల ఆ గీతను 50 లక్షలకు జరిపిన్రు. బషీరాబాద్ మండలంల 50 లక్షలు దాటే ఇండ్లు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేద రైతు మీద సెస్సు వెయ్యమని మేం అనం. కానీ ఆ ఇంటి మీదికెళ్లి పడ్డ మేస్త్రీ నడుము, పట్నంల అపార్ట్‌మెంట్ మీదికెళ్లి పడ్డ నడుము వేరువేరా?

అందుకే మూడు మాటలు అడుగుదాం. ఒకటి, సొంతింటి పనిల చేసిన రోజులను కూడా కార్మికుని పనిదినాలుగా లెక్క కట్టాలె. సర్పంచ్ సంతకం చాలు. రెండు, చిన్న ఇండ్ల సెస్సును కట్టుకునేటోని కాడ కాదు, ఫ్యాక్టరీ గేటు కాడ బస్తాకు ఇంత అని తీసుకోవాలె. మూడు, 2024ల తెచ్చిన ఇందిరమ్మ ఇండ్ల పథకంల ఇచ్చేది 5 లక్షలు. 2015ల డబుల్ బెడ్రూంకు ఊళ్లల్ల పెట్టిన ధర 5 లక్షల 4 వేలు. ఇన్నేండ్లకు రూపాయి పెరగలేదు సరే, 2016 లెక్క ఇందిరమ్మ ఇంటికి కూడా సిమెంటు ధర కంపెనీలతోటి మాట్లాడి ఖాయం చెయ్యాలె.

2014ల రాష్ట్రం వచ్చింది, 2016ల వికారాబాద్ జిల్లా వచ్చింది. రెండూ కొట్లాడితేనే వచ్చినయి. మన నీళ్లెన్ని, మన కొలువులెన్ని అని లెక్కలు తీసి నిలదీసుడు మనకు ఉద్యమం నేర్పింది. ఆ చదువు మరిచిపోవద్దు. రేపు పొద్దున బేస్‌మెంట్ కాడ గొడవైతే ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. బిల్లు చేతిల పట్టుకొని ఇద్దరూ కలిసి తాండూరు తొవ్వ పట్టండి.