నలుగురికి ఒక గది

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్రా యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. ఉమ్రా ఘనతను, దాని విధులను చెప్పడానికి మన ఇమాము సాహెబు ఉన్నారు. ఆ పని మాది కాదు. మేము చెప్పబోయేది అక్కడ తల దాచుకునే చోటు విషయం. నలుగురున్న ఒక మామూలు సంసారం మక్కా, మదీనాలకు వెళితే తాహతుకు తగిన గది ఎట్లా చూసుకోవాలి, ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయరాదు అన్న సంగతి. వినడానికి చిన్న విషయమే. కానీ దీనిలో పొరపాటు జరిగితే ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బూ పోతుంది, అంతకన్నా విలువైన ఇబాదత్తూ చెడుతుంది. దీనికి మా అనుభవమే సాక్ష్యం.

మేము 2023 దసరా సెలవుల్లో వెళ్ళాము. మేమిద్దరం, డెబ్బై దాటిన మా అమ్మ, పదేళ్ళ అబ్బాయి. ఆరేళ్ళు నెలనెలా పక్కకు తీసిపెట్టిన సొమ్ము అది. టిక్కెట్లకూ వీసాలకూ పోగా మిగిలిన దానిలోనే వసతి చూసుకోవాలి. ఒక ఏజెంటుగారు "హరమ్‌కు 500 మీటర్లు, మీ నలుగురికీ ఒకే గది" అన్నారు. మిగతా వాళ్ళు చెప్పిన రేటు కంటే బాగా తక్కువ. మేము సంతోషించి డబ్బు కట్టేశాము. హోటలు పేరు అడగలేదు. అడగకపోవడం మా తప్పు.

మక్కా కొండల నడుమ ఉన్న ఊరు. హరమ్ లోయలో ఉంది, చుట్టూ మెట్ట. మాకిచ్చిన హోటలు ఒక కొండవాలు మీద ఉంది. గీత గీసినట్టు కొలిస్తే 500 మీటర్లే కావచ్చు. కానీ మనం కాకులం కాము గదా! దారి వంపులు తిరిగి దిగి నడిస్తే కిలోమీటరు దాటింది. వెళ్ళేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు.

మొదటి రాత్రే ఉమ్రా పూర్తి చేశాము. తవాఫు 7 చుట్లు. ఆ తరువాత సఫా మర్వాల నడుమ సయీ 7 సార్లు. ఆ సయీ ఒక్కటే దాదాపు 3 కిలోమీటర్ల నడక. అమ్మ చక్రాల కుర్చీ వద్దంది, కాళ్ళతోనే నడిచింది. అంతా అయ్యేసరికి రాత్రి రెండు దాటింది. అప్పుడు ఆ మెట్ట ఎక్కాలి. అమ్మ మూడు చోట్ల రోడ్డు పక్కన కూర్చుంది. మర్నాటికి మోకాలు వాచి కాలు కింద పెట్టలేకపోయింది. "నేను ఇక్కడే నమాజు చేసుకుంటాలే నాయనా, మీరు వెళ్ళి రండి" అంది. రెండు రోజులు గదిలోనే ఉండిపోయింది. కిటికీలో నుంచి ఆ పెద్ద గడియారపు మేడ కనబడేది. కాబా కనబడేది కాదు. రెండో రోజు సాయంత్రం మేము వచ్చేసరికి, "ఇంత దూరం వచ్చి గదిలో కూర్చున్నానురా" అని ఒక్క మాట అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటే మాకు చాలింది.

మూడో రోజు ఇబ్రాహీం ఖలీల్ వీధి వైపు, చదునుగా ఉన్న దారిలో, ఒక చిన్న గది చూసుకుని మారాము. మొదటి గది డబ్బు తిరిగి రాలేదు. బంధువుల కానుకలకని తీసి ఉంచిన సొమ్ము దీనికి అయిపోయింది. "జమ్‌జమ్ నీళ్ళు తీసుకుపోదాం, అడిగిన వాళ్ళకు దువా చేశామని చెబుదాం" అని అమ్మే అంది. మిగిలిన రోజులు ఆమె తన కాళ్ళ మీద తాను హరమ్‌కు వచ్చింది.

సోదరులారా, దీనిలో మేము నేర్చుకున్నది ఒక్కటే మాట. గది అద్దెను చూసి చవక అనుకోవద్దు. మన ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి అడుగులు లెక్కపెట్టి, అప్పుడు చవక అనుకోండి.

లెక్క వేసి చూద్దాం. గది 600 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 5 పూటలూ వెళ్ళి వస్తే రోజుకు 6 కిలోమీటర్లు. అసరుకు వెళ్ళి ఇషా దాకా అక్కడే ఉండి, మూడుసార్లే తిరిగినా 3600 మీటర్లు. కుర్రవాళ్ళకు ఇది లెక్కలోది కాదు. ముసలివాళ్ళకూ చంటిబిడ్డ తల్లికీ ఇదే పెద్ద లెక్క.

ఇక డబ్బు లెక్క. ఉదాహరణకు దూరపు గది రోజుకు 150 రియాళ్ళు, దగ్గరి గది 260 రియాళ్ళు అనుకుందాం. తేడా 110. దూరపు గది నుండి రోజుకు రెండుసార్లు టాక్సీలో వెళ్ళి వస్తే 4 ప్రయాణాలు. ఒక్కొక్కటి 20 రియాళ్ళ చొప్పున 80. అంటే మనకు నిజంగా మిగిలేది 30 రియాళ్ళు. పైగా నమాజు వేళకు హరమ్ చుట్టుపక్కల దారులు మూసేస్తారు, నమాజు విడిచాక టాక్సీ దొరకడం గగనం. ఆ 30 రియాళ్ళ కోసం అమ్మను ఎండలో నిలబెడతామా?

అట్లాగని దూరపు వసతి ఎప్పుడూ పనికిరాదని మేము అనడం లేదు. మన హాజీలు ఎంతోమంది అజీజియాలో ఉండి, బస్సుల్లో వచ్చిపోతూ చక్కగా హజ్ చేసి వచ్చారు. అందరూ నడవగలిగిన వాళ్ళయితే, బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏ వేళల్లో నడుస్తుందో ముందే తెలుసుకుని దూరంగా దిగవచ్చు.

మదీనా సంగతి వేరు. మస్జిదె నబవీ చుట్టూ నేల చదును. అక్కడ కొంచెం దూరమైనా నడవవచ్చు. కాబట్టి పొదుపు చేయదలిస్తే మదీనాలో చేయండి, మక్కాలో దగ్గరగా ఉండండి. ఇంకొక మాట. మదీనా మసీదులో స్త్రీల స్థలాలు ఎక్కువగా ఉత్తరపు వైపున ఉన్నాయి. హోటలు దక్షిణాన ఉంటే మగవాళ్ళకు దగ్గర, ఆడవాళ్ళకు చుట్టు తిరుగుడు. ఇది ఏ ఏజెంటూ చెప్పడు.

వెళ్ళే కాలాన్ని బట్టి అద్దెలు చాలా మారతాయి. రంజాను నెలలో, ముఖ్యంగా చివరి 10 రోజుల్లో, గది ధర అందదు. హజ్ ముగిసిన తరువాత ముహర్రం, సఫర్ నెలల్లో సాధారణంగా తగ్గుతుంది, కానీ ఎండలు చూసుకోవాలి. వారంలో కూడా తేడా ఉంది. 2013 నుండి అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఆ దేశం వాళ్ళే సంసారాలతో మక్కాకు వస్తారు, అద్దె పెరుగుతుంది. వీలైతే ఆదివారం నుండి గురువారం లోపు మక్కా బస పెట్టుకోండి. చాంద్రమాన సంవత్సరం ఏటా 11 రోజులు ముందుకు జరుగుతుంది గనుక, పిల్లల సెలవులూ హజ్ రోజులూ ఎట్లా కలుస్తున్నాయో ప్రతి సంవత్సరమూ చూసుకోవలసిందే. 2025లో హజ్ జూన్ మొదట్లో వచ్చింది. మన వేసవి సెలవుల్లో ఉమ్రా అనుకున్న వాళ్ళకు దారి లేకపోయింది.

ఇక గది లోపలి సంగతులు. నలుగురి గది అంటే 4 మంచాలున్న గది. కొందరు మంచం లెక్కన అమ్ముతారు. అప్పుడు ఆడవాళ్ళను ఒక గదిలో, మగవాళ్ళను ఇంకొక గదిలో పరాయివాళ్ళతో కలిపి ఉంచుతారు. చవకే, కానీ ముసలితల్లి రాత్రి లేస్తే పట్టుకునేవాళ్ళు ఉండరు. కనుక "మా నలుగురికే ఒక గది" అని కాగితం మీద రాయించుకోండి. లిఫ్టులు ఎన్ని ఉన్నాయో అడగండి. నమాజు వేళకు లిఫ్టు ముందు జనం కిక్కిరిసి ఉంటారు. పెద్దవాళ్ళుంటే కింది అంతస్తు కోరుకోండి. స్నానాల గది ఒక్కటే ఉంటుంది గనుక ఫజరుకు వంతులు వేసుకుని లేవాలి. చాలా హోటళ్ళలో సాయంత్రం 4 గంటల దాకా గది ఇవ్వరు. విమానం తెల్లవారుజామున జిద్దాలో దిగితే ఆ పగలంతా ఎక్కడ కూర్చోవాలో ముందే ఆలోచించుకోండి.

డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు వేయండి. హోటలు పేరేమిటి? నడిచే దారిన ఎంత దూరం, మెట్ట ఉందా? చెప్పిన రేటులో పన్ను కలిసి ఉందా? (అక్కడ ఆ పన్ను 2020 జూలై నుండి 15 శాతం.) వెళ్ళలేకపోతే ఎంత తిరిగి ఇస్తారు? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ హోటలుకు మీరే ఫోను చేసి మీ పేరు మీద గది ఉందో లేదో కనుక్కోండి. దీనికి ఏజెంటు కోపం తెచ్చుకుంటే ఆ ఏజెంటును వదిలేయండి. నిజాయితీగల వాడికి కోపం రాదు.

అక్కడికి వెళ్ళి చూసుకుందాం అనే పాత అలవాటు కూడా ఇప్పుడు చెల్లదు. 2025 వేసవి నుండి ఉమ్రా వీసాకు ముందే అనుమతి పొందిన వసతి ఒప్పందం నమోదు కావాలి. తప్పు చేస్తే అక్కడ దిద్దుకోవడం మాకున్నంత సులువుగా మీకు ఉండదు.

కొందరు నిజాం రుబాతు సంగతి అడుగుతుంటారు. పూర్వపు హైదరాబాదు సంస్థానం వాళ్ళ కోసం ఆనాటి ప్రభువులు మక్కాలో ఏర్పాటు చేసిన ఉచిత వసతి అది. ఎంత మంచి ఆలోచన! కానీ అది హజ్‌కు వెళ్ళేవారిలో చీటీ ద్వారా ఎంపికైన వారికి. ఉమ్రాకు వెళ్ళే సంసారం దాని మీద లెక్క వేసుకోకూడదు.

రుబాతు కట్టే స్తోమత మన సంఘానికి లేదు. కానీ ఒక పుస్తకం పెట్టే స్తోమత ఉంది. యాత్ర నుండి వచ్చిన ప్రతి కుటుంబమూ మన కార్యాలయంలోని ఆ పుస్తకంలో ఒక పేజీ రాయాలి. ఏ నెలలో వెళ్ళారు, ఏ వీధిలో దిగారు, మెట్ట ఉందా, లిఫ్టు ఎట్లా ఉంది, నిజంగా ఎంత అయింది, ఇంట్లో పెద్దవాళ్ళు నడవగలిగారా. రెండేళ్ళు దాటిన పేజీలను నమ్మవద్దు. మక్కాలో పాత పేటలు పడగొట్టి కొత్తవి కడుతూనే ఉన్నారు. మొదటి పేజీ మేము రాసి కార్యదర్శిగారికి ఇచ్చాము. మా తప్పుతో సహా రాశాము.

మీలో ఎవరి తల్లీ కిటికీ దగ్గర కూర్చుని ఆ మాట అనే అవసరం రాకూడదని మా కోరిక. నడవగలిగే రోజుల్లోనే అల్లాహ్ మనందరి తల్లిదండ్రులకూ ఆ భాగ్యం కలిగించుగాక. ఆమీన్.